కొరస్కేట్: కదిలితేనే మెరిసే మాట

ఇంగ్లీషులో మెరుపుకు మాటలు కొల్లలు. గ్లిటర్, గ్లీమ్, స్పార్కిల్, షిమ్మర్, ట్వింకిల్ అందరికీ తెలిసినవే. వాటి వెనక వరసలో, ఎప్పుడో ఒకసారి పుస్తకంలో తగిలి నిఘంటువు దాకా నడిపించే మాట కొరస్కేట్ (coruscate). నిఘంటువులో "తళతళలాడు, మిలమిలలాడు" అని ఒక్క ముక్క ఉంటుంది. అది తప్పు కాదు, కానీ చాలదు. ఆ ముక్కను నమ్ముకుని ఈ మాటను నిండు చంద్రుడికో, తోమిన ఇత్తడి చెంబుకో తగిలిస్తే వాక్యం దెబ్బతింటుంది. ఈ క్రియ కదలికలో పుట్టింది. వెలుగు దానికి తర్వాత వచ్చి చేరింది.

ముందు పలకడం సంగతి. క్రియను పలికేటప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది: కొ-రస్-కేట్. నామవాచకం కొరస్కేషన్, ఒత్తు కే మీద. విశేషణాలు రెండు. ఎక్కువగా వాడేది కొరస్కేటింగ్. పాతది, కవిత్వపు వాసన ఉన్నది కొరస్కంట్. దీనిలో ఒత్తు రెండో అక్షరానికి జారుతుంది, కొ-రస్-కంట్. స్టార్ వార్స్ చూసినవాళ్ళకు ఇది ఒక గ్రహం పేరుగా తెలుసు. తిమోతీ జాన్ 1991లో రాసిన నవలలో గెలాక్సీ రాజధానికి పెట్టిన పేరది. సినిమాల్లో దాన్ని ‘కొరసాంట్’ అంటారు, మధ్యలో క వినిపించదు. గ్రహానికి ఆ ఉచ్చారణ సరే, మాటకు మాత్రం క పలకాలి. స్పెల్లింగులో జనం తప్పేది ఒకే చోట: ఆర్ ఒక్కటే, రెండు కావు. కరప్ట్, కరుగేట్ లాంటి మాటల్లో రెండు ఆర్‌లు చూసి చూసి చెయ్యి అలవాటుగా రెండోది రాసేస్తుంది.

ఈ కుటుంబంలో ఇంగ్లీషులోకి ముందు వచ్చింది క్రియ కాదు. కొరస్కంట్, కొరస్కేషన్ 15వ శతాబ్దంలోనే కనబడతాయి. క్రియ మాత్రం 1705 దాకా రాతలో దొరకదు. పండితులు లాటిన్ నుంచి ముందు మెరుపుకు పేరు తెచ్చుకున్నారు, ‘మెరవడం’ అనే పనికి తర్వాత తీరిగ్గా తెచ్చుకున్నారు. నిఘంటువు ఇచ్చే ఇలాంటి సంవత్సరం మాట పుట్టిన సంవత్సరం కాదని గుర్తుంచుకోవాలి. ఇప్పటిదాకా దొరికిన రాతల్లో పాతదాని తేదీ అది. ఇంకా పాత కాగితం బయటపడితే వెనక్కి జరుగుతుంది.

మూలం లాటిన్ కొరుస్కారే. లాటిన్ నిఘంటువుల్లో దీనికి రాసిన అర్థాల వరస చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: కొమ్ములతో కుమ్మడం, ఆయుధాన్ని ఝళిపించడం, వణకడం, అల్లల్లాడటం, ఆ తర్వాత మెరవడం. మెరుపు చిట్టచివర ఉంది. ఇవి ఏ మూలో పడి ఉన్న అర్థాలు కావు, పెద్ద కవులు వాడినవే.

క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ కవి లుక్రీషియస్ తన కావ్యం రెండో భాగంలో ఒక కొండ వాలును చూపిస్తాడు. గొర్రెలు మేస్తుంటాయి. కడుపు నిండిన పిల్లలు గంతులేస్తూ ఒకదాన్నొకటి మెత్తగా కుమ్ముకుంటాయి. ఆ కుమ్ముకోవడానికి అతను వాడిన క్రియ కొరుస్కారే. అదే దృశ్యం దూరం నుంచి చూస్తే పచ్చటి కొండ మీద కదలని తెల్లటి మచ్చ. పరమాణువులు నిరంతరం కదులుతున్నా వస్తువు నిశ్చలంగా ఎందుకు కనబడుతుందో చెప్పడానికి తెచ్చిన ఉదాహరణ ఇది. వెంటనే రెండో ఉదాహరణ ఇస్తాడు: మైదానంలో కవాతు చేసే సైన్యం. ఎత్తైన కొండ మీంచి చూస్తే ఆ సైన్యమంతా నేల మీద నిలిచిపోయిన ఒక కాంతి. అక్కడ మాత్రం కొరుస్కారే జోలికి పోలేదు, ఫుల్గోర్ అన్నాడు. పదిహేను పంక్తుల లోపలే కదిలేదానికి ఒక మాట, నిలిచిన వెలుగుకు ఇంకో మాట. ఈ పదం స్వభావం తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో రోమన్ కవి వర్జిల్ దీన్ని ఇంకా నాలుగు దిక్కులకు తిప్పాడు. అతని ఇతిహాసం ఈనియడ్ చివరి భాగంలో కథానాయకుడు ఈనియస్ చెట్టంత బల్లేన్ని ఝళిపిస్తాడు, క్రియ ఇదే. తేనెటీగల మీద రాసిన జార్జిక్స్ నాలుగో భాగంలో ఈగలు పోరుకు ముందు కంగారుగా గుమిగూడి రెక్కలు ఝళిపిస్తాయి, మళ్ళీ ఇదే. ఈనియడ్ మొదటి భాగంలో రేవు మీదికి వంగిన అడవికి కొరుస్కుస్ అనే విశేషణం తగిలించాడు. అక్కడ అనువాదకులు ఇప్పటికీ రెండు జట్లు: ‘వణికే అడవి’ అని ఒక జట్టు, ‘తళుకులీనే అడవి’ అని ఇంకో జట్టు. ఎండలో ఆకులు వణికితేనే తళుకు వస్తుంది కాబట్టి ఈ గొడవ అక్కర్లేదని నాకనిపిస్తుంది. మాట రెండూ ఒకేసారి చెబుతోంది.

కొమ్ముల నుంచి కాంతి దాకా దారి ఈ వాడుకల్లోనే కనబడుతుంది. కుమ్మడమంటే తలను చటుక్కున ముందుకు విసరడం. బల్లెం ఝళిపించడం అదే రకం విసురు, కాకపోతే చేతిలో లోహం ఉంది. లోహం ఎండలో విసిరితే మెరుస్తుంది. ఝళిపించడం, మెరవడం కంటికి ఒకే క్షణంలో జరుగుతాయి. క్రమంగా మాట చెయ్యిని వదిలి మెరుపును పట్టుకుంది. కొరుస్కారే కన్నా వెనక ఏముంది అన్నది తేలలేదు. తలతో కుమ్మడానికి గ్రీకులో ఉన్న మాటతో కొందరు ముడిపెట్టారు, చాలా నిఘంటువులు ‘మూలం తెలియదు’ అనే వదిలేస్తాయి. అలా వదిలేసిన నిఘంటువునే నేను ఎక్కువ నమ్ముతాను.

లాటిన్‌లో ఇది ఒంటరి కాదు. మికారే అనే ఇంకో క్రియ ఉంది. నాడి కొట్టుకోవడానికీ, పాము నాలుక ఆడించడానికీ, చుక్కలు మెరవడానికీ అదే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒక్కసారిగా వేళ్ళు చూపించి లెక్క ఊహించే రోమన్ ఆట పేరు కూడా దాన్నుంచే వచ్చింది. ఇంగ్లీషు ఫ్లికర్ మొదట పిట్ట రెక్కలు టపటపలాడించడమే. దీపానికి, మంటకు తర్వాత అంటుకుంది.

ఇక సంస్కృతానికి వస్తే పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. స్ఫుర్ ధాతువుకు అదరడం, వణకడం, కంపించడం అర్థాలు. మెరవడం, వెలగడం కూడా అర్థాలే. కన్ను అదిరితే స్ఫురణం. ఆలోచన చటుక్కున తడితే తెలుగులో స్ఫురించింది అంటాం. నిప్పురవ్వ స్ఫులింగం. లస్ ధాతువులో మెరవడమూ ఉంది, ఆడుకోవడమూ ఉంది: ఉల్లాసం, విలాసం, లాస్యం అన్నీ ఆ ఇంటివే. లుక్రీషియస్ గొర్రెపిల్లల్ని సంస్కృతంలోకి తెస్తే ఈ ధాతువు చక్కగా అతుకుతుంది. అమరకోశం మెరుపు పేర్లు చెబుతూ విద్యుత్తు పక్కనే చంచల, చపల అని చేరుస్తుంది. నిలకడ లేనిది అన్న మాటే ఆకాశంలో మెరుపుకు పేరైపోయింది. ఇవన్నీ కొరుస్కారేకు చుట్టాలని అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. వేరువేరు భాషలు వేరువేరుగా అదే దారి తొక్కాయి, అంతే.

ఆ దారే ఎందుకు తొక్కాయో చెప్పడానికి కాస్త కాంతిశాస్త్రం చాలు. నున్నటి చిన్న ముఖం మీద పడిన వెలుగు ఒకే దిక్కుకు తిరిగి వెళ్తుంది. ఆ ముఖాన్ని ఒక డిగ్రీ వంచితే తిరిగి వెళ్ళే కిరణం రెండు డిగ్రీలు జరుగుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు 0.53 డిగ్రీలు. అంటే అద్దపు ముక్క సుమారు పావు డిగ్రీ తిరిగేసరికి సూర్యుడి ప్రతిబింబం మొత్తం మన కంటిని దాటి పోతుంది. చేతిలో ఆకు గానీ కత్తి గానీ పావు డిగ్రీ కదలకుండా ఎవరూ పట్టుకోలేరు. అందుకే చిన్న ముఖాలున్న వస్తువు ఎప్పుడూ నిలకడగా వెలగదు, వెలిగి ఆరి వెలుగుతుంది. వస్తువు కదలకపోయినా చూసేవాడి తల కదిలితే అదే పని జరుగుతుంది. వెలుగు మబ్బు పట్టిన ఆకాశంలా అన్ని వైపుల నుంచీ సమంగా వస్తే మాత్రం ఎంత ఊపినా తళుకు రాదు. మెరుపు గుడ్డలను, పూసలను ఫొటో తీసేటప్పుడు మెత్తటి పెద్ద లైటు పెట్టి, తళుకు రాలేదని వాపోయేవాళ్ళు చేసే పొరపాటు ఇదే. వాటికి చిన్నగా, చుక్కలా ఉండే లైటు కావాలి. తళుకు కదలిక నుంచి వస్తుంది కాబట్టి ఫొటో కన్నా వీడియోలో బాగా పలుకుతుంది.

నీటి మీద ఎండ చేసే అల్లరికి శాస్త్రంలో పేరు సన్ గ్లిటర్. ఒక్కొక్క చుక్క మెరుపు గ్లింట్. సముద్ర శాస్త్రవేత్తలు చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ విమానం మీంచి తీసిన ఫొటోల్లో ఈ గ్లిటర్ పరుచుకున్న తీరును కొలిచి 1954లో అలల వాలుకూ గాలి వేగానికీ లెక్క ఇచ్చారు: వాలు వర్గాల సగటు (వాలును దానితోనే హెచ్చించి తీసిన సగటు) అంటే 0.003కు, సెకనుకు మీటర్లలో గాలి వేగాన్ని 0.00512తో హెచ్చించి కలిపితే వచ్చేది. గాలి సెకనుకు 2 మీటర్లుంటే నీటి ముఖాలు సుమారు 6, 7 డిగ్రీల వాలులో ఉంటాయి. 10 మీటర్లుంటే 13 డిగ్రీలకు పోతాయి. గాలి పెరిగేకొద్దీ మెరిసే పట్టీ వెడల్పవుతుంది, ఒక్కో చోట మెరుపు పల్చబడుతుంది. కొరస్కేటింగ్ అనే మాట కళ్ళు మూసుకుని వాడదగ్గ చోటు ఏదైనా ఉందంటే గాలికి రేగిన నీటి మీది ఎండే.

ఇంగ్లీషులో ఈ మాటకు పాత కాపురం మాత్రం ఆకాశంలో. కొరస్కేషన్ అంటే మొదట్లో ఎక్కువగా మెరుపు తీగ. 18, 19 శతాబ్దాల ధ్రువయాత్రల రాతల్లో ఉత్తర ధ్రువపు వెలుగుల వర్ణన వచ్చిందంటే కొరస్కేషన్ బహువచనంలో తప్పకుండా తగులుతుంది. తెరలు తెరలుగా ఊగుతూ, పొడుచుకొచ్చి వెనక్కి తగ్గే కాంతి అది. పాత కొమ్ముల అర్థం కూడా అక్కడ బతికున్నట్టే. ఆ తర్వాత మాట మనుషుల తెలివి మీదికి ఎక్కింది: కొరస్కేటింగ్ విట్ అంటే ఒక చమత్కారం వెంట ఇంకోటి, ఊపిరి తీసుకోనివ్వకుండా తళుక్కుమనే మాటకారితనం. లోతైన, నిదానమైన పాండిత్యానికి ఇది పనికిరాదు. మాట్లాడేవాడిలో వేగం ఉంటేనే పెట్టాలి.

దగ్గరి చుట్టాల్లో అందరికన్నా సంతానం ఎక్కువ ఉన్నది స్కింటిల్లా. లాటిన్‌లో నిప్పురవ్వ. దాని క్రియ నేరుగా ఇంగ్లీషులోకి వచ్చి స్కింటిలేట్ అయింది. ఇంకో దారిలో జనం నోళ్ళలో పడి, స-క-త ధ్వనులు చోటు మార్చుకుని, పాత ఫ్రెంచిలో ఎస్తెన్సెల్ అయింది. అందులోంచి రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి టిన్సెల్: మొదట బంగారు, వెండి జరీ కలిపి నేసిన గుడ్డ, తర్వాత చవక తగరపు రేకు, చివరికి ‘పైమెరుగు’ అనే తిట్టు. రెండోది స్టెన్సిల్. మెరిసే రంగు ముక్కలతో అలంకరించడం అన్న పాత అర్థం నుంచి, అచ్చు కోసి రంగు వేసే రేకుకు చేరింది. గోడల మీద నంబర్లు వేసే స్టెన్సిల్‌కూ, అలంకరణ టిన్సెల్‌కూ, స్కింటిలేటింగ్ ఉపన్యాసానికీ తల్లి ఒక్కతే. కోర్టు ఇంగ్లీషులో ‘స్కింటిల్లా ఆఫ్ ఎవిడెన్స్’ అంటే రవ్వంత సాక్ష్యం. తెలుగులో ‘రవ్వంత’ అన్నా అచ్చం అదే లెక్క.

శాస్త్రవేత్తలు కొరస్కేట్‌ను కాదని స్కింటిలేషన్‌ను ఎత్తుకుపోయారు. నక్షత్రాలు మినుకుమనడం స్కింటిలేషన్. గాలిపొరల్లో వేడి తేడాల వల్ల వక్రీభవనం, అంటే వెలుగు వంగే తీరు, మారుతూ ఉంటుంది; నక్షత్రం ఎంత పెద్దదైనా మన కంటికి చుక్కే కాబట్టి ఆ కిరణం కాస్త తప్పితే చాలు, వెలుగు తగ్గుతుంది. బీటెల్‌జూస్ లాంటి మహాకాయ నక్షత్రం కూడా ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఇరవయ్యో వంతు వెడల్పు మించి కనబడదు. గురుగ్రహం 30 నుంచి 50 ఆర్క్ సెకన్లు. దాని బింబంలో ఒక చోట తగ్గిన వెలుగు ఇంకో చోట పెరిగిన వెలుగుతో సరిపోతుంది. గ్రహాలు మినుకుమనవు అన్నది అందుకే. దిగంతం దగ్గర గాలి మందం ఎక్కువ కాబట్టి అక్కడ మాత్రం గ్రహం కూడా కాస్త ఒణుకుతుంది.

1903లో శాస్త్రవేత్త విలియం క్రూక్స్ జింక్ సల్ఫైడ్ తెర మీద రేడియం ఉంచి భూతద్దంతో చూసే చిన్న పరికరం చేశాడు. రేడియం నుంచి వెలువడే ఒక్కో ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా ఒక్కో చుక్క మెరుపు, దీన్నీ స్కింటిలేషన్ అనే అంటారు. ఆ పరికరానికి గ్రీకులో నిప్పురవ్వ పేరు వెతికి స్పింతారిస్కోప్ అన్నాడు. కొద్ది ఏళ్ళకే భౌతిక శాస్త్రవేత్తలు గైగర్, మార్స్‌డెన్ ఇలాంటి తెర మీదే మెరుపులు లెక్కపెట్టి, బంగారు రేకుకు తగిలి వెనక్కి వచ్చే కణాలను 1909లో పట్టుకున్నారు. ముందు చీకటి గదిలో కూర్చుని కళ్ళను అలవాటు చేసుకోకపోతే ఆ మెరుపులు కనబడవు. కన్ను అలిసిపోతే లెక్క తప్పుతుంది.

వజ్రాల పనిలో కూడా స్కింటిలేషన్ పారిభాషిక పదమే. అక్కడ మూడు మాటలు వేరు. తెల్లని వెలుగు వెనక్కి రావడం బ్రిలియన్స్. రంగులుగా చీలడం ఫైర్. రాయి గానీ, లైటు గానీ, కన్ను గానీ కదిలినప్పుడు తళుక్కుమనే చుక్కలు, వాటి మధ్య చీకటి గళ్ళు స్కింటిలేషన్. మూడింటినీ కలిపి ‘మెరుపు’ అనేస్తే రాయి సాన గురించి ఏమీ చెప్పనట్టే. వజ్రం వక్రీభవన గుణకం 2.417, లోపలి నుంచి 24.4 డిగ్రీలు మించిన కోణంలో తగిలిన కిరణం బయటికి పోలేదు, తిరిగి లోపలికే వస్తుంది. రాయి బాగా మెరవాలంటే ఎంత కోణంలో సాన పట్టాలో మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో తేల్చి, కింది ముఖాలకు 40.75 డిగ్రీలు, పై ముఖాలకు 34.5 డిగ్రీలు లెక్క కట్టాడు. కింది కోణం బాగా తగ్గితే రాయి అంచు ప్రతిబింబం మధ్యలో తెల్లటి వలయంలా పడి చేప కన్నులా కనబడుతుంది. బాగా పెరిగితే వెలుగు పక్కలకు కారిపోయి మధ్య భాగం నల్లబడుతుంది. ఆ పనివాళ్ళు దాన్ని మేకు తల అంటారు.

నాకు ఎక్కువ ఇష్టమైన చుట్టం ఫుల్గురేషన్. లాటిన్‌లో ఫుల్గుర్ అంటే మెరుపు. పిడుగు ఇసుకలో పడి కరిగించి చేసే గాజు గొట్టానికి ఫుల్గురైట్ అన్న పేరు ఇందులోంచే. కానీ ఫుల్గురేషన్ అసలు ఇల్లు వెండి, బంగారం శుద్ధి పరీక్షించే కొలిమి. అక్కడ అది వర్ణన కాదు, పని పూర్తయిందన్న గుర్తు. పద్ధతి ఇదీ: విలువైన లోహాన్ని సీసంతో కలిపి కరిగించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గుంట గిన్నెలో వేడి చేస్తారు. దాని పేరు క్యూపెల్. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, కానీ అసలు పని చెయ్యాల్సింది గాలి. గాలి తగిలి సీసం ఆక్సైడ్‌గా, అంటే లిథార్జ్‌గా మారుతుంది. లిథార్జ్ 888 డిగ్రీల దగ్గర కరిగి, రాగి లాంటి నీచ లోహాల ఆక్సైడ్లను వెంట తీసుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. బూడిదను తడపగలిగేది లిథార్జే; లోహం తలతన్యత వల్ల గుండుగా ముడుచుకుని పైనే ఉండిపోతుంది. గిన్నె దాదాపు తన బరువంత లిథార్జ్ పీల్చగలదు, అందుకే సీసం బరువును బట్టి గిన్నె ఎంచుకుంటారు. చివర్లో ఆ లోహపు పూస మీద లిథార్జ్ పొర పల్చబడి సబ్బు బుడగలా రంగులు తిరుగుతాయి. ఆ పొర పూర్తిగా పోగానే పూస ఒక్కసారిగా తళుక్కుమంటుంది. కరిగిన పూస గడ్డకట్టే వేడి కన్నా కిందికి దిగి కూడా ద్రవంగానే ఉండి, తర్వాత హఠాత్తుగా గట్టిపడితే, దాచుకున్న వేడి బయటపడి ఇంకో మెరుపు వస్తుంది.

ఇక్కడ చెడిపోయేవి ప్రధానంగా మూడు. కొలిమి చల్లబడితే లిథార్జ్ పొర పూస మీద గడ్డకట్టి ఆక్సీకరణ ఆగిపోతుంది, మెరుపు రాదు. బాగా వేడెక్కితే వెండి కూడా కొంత గిన్నెలోకి, గాలిలోకి పోయి తూకం తక్కువ వస్తుంది. గిన్నె చల్లని అంచున ఈకల్లాంటి లిథార్జ్ స్ఫటికాలు కట్టడం వేడి సరిగ్గా ఉందన్న గుర్తు. మూడోది మెరుపు తర్వాతి తొందర: కరిగిన వెండి తన ఘనపరిమాణానికి సుమారు 20 రెట్లు ఆక్సిజన్ పీల్చుకుని ఉంటుంది. గిన్నెను చటుక్కున బయటికి లాగితే పైన పెంకు కట్టి, లోపలి వాయువు దాన్ని పగలగొట్టి వెండి చిమ్ముతుంది. మెల్లగా చల్లార్చాలి. సీసపు ఆవిరి విషం కాబట్టి గాలిని బయటికి లాగే ఏర్పాటు లేకుండా ఈ పని తలపెట్టకూడదు. జర్మన్‌లో ఈ మెరుపు పేరు బ్లిక్. ఇప్పుడు ఆ మాటకు చూపు అని అర్థం గానీ, పాత జర్మన్‌లో మెరుపే. వెండి మెరుపు అనే జిల్బర్‌బ్లిక్, వాడుకలో కాస్త మెల్లకన్నుకు కూడా పేరైంది.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. క్లింకంట్ పుట్టింది చెవిలో: డచ్చిలో గలగలమనడం, ఫ్రెంచి మీదుగా ‘రేకుల తళుకు’. షేక్‌స్పియర్, ఫ్లెచర్ కలిసి రాసిన ఎనిమిదో హెన్రీ నాటకం మొదటి రంగంలో, 1520లో ఇంగ్లండు, ఫ్రాన్సు రాజులు కలిసిన సంబరం గురించి నార్ఫోక్ అనే ప్రభువు చెబుతూ, ఫ్రెంచివాళ్ళు నిలువెల్లా క్లింకంట్, నిలువెల్లా బంగారం అంటాడు. నామవాచకంగా వాడితే బంగారం పేరు మోసే రాగి-జింకు రేకు. కాబట్టి మెచ్చుకోలులో కొంచెం విషం ఉంటుంది. రుటిలంట్ ఎర్రబంగారు మెరుపుకే చెల్లుతుంది, నీలం రాయికి పెట్టకూడదు. అదే మూలంతో ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ 1803లో పేరు పెట్టిన ఖనిజం రుటైల్. దాని వక్రీభవనం వజ్రాన్ని మించింది. లాంబెంట్ అంటే నాకడం: మెత్తగా పాకే మంట, తగలకుండా తాకే హాస్యం. కొరస్కేట్‌కు సరిగ్గా వ్యతిరేక స్వభావం. ఎఫల్జెంట్, స్ప్లెండెంట్ నిలకడగా వెలిగేవి. నిండు చంద్రుడికి ఇవి ఇవ్వండి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు కొరస్కేటింగ్‌కు ‘తళుక్కుమనే’ దగ్గర, స్కింటిలేటింగ్‌కు ‘మినుకుమనే’ లేదా ‘రవ్వలు చిమ్మే’. ‘ధగధగలాడే’ రెండింటికీ వద్దు, అందులో వేడి, నిలకడ ఉన్నాయి. ‘ప్రకాశించే’ అసలే వద్దు.

చివరిగా ఈ మాటకు పట్టిన కొత్త తెగులు. బ్రిటిష్ పత్రికల్లో కొరస్కేటింగ్ అటాక్, కొరస్కేటింగ్ రివ్యూ అని చూస్తే అది మెచ్చుకోలు కాకపోవచ్చు. చీల్చి చెండాడిన విమర్శ అన్న అర్థంలో రాసేవాళ్ళు తయారయ్యారు. కారణం పక్కింటి మాట ఎక్స్‌కోరియేటింగ్. దాని మూలం కోరియుమ్, అంటే తోలు; ఎక్స్ చేరితే తోలు ఒలవడం. రెండింటి మధ్య క-ర ధ్వని తప్ప చుట్టరికం లేదు. చదువుతున్న వాక్యంలో ఏది ఉద్దేశమో తేల్చడానికి పక్క మాటలు చూడాలి. అటాక్, క్రిటిక్, రిపోర్ట్ లాంటివి ఉంటే తోలు ఒలిచారనుకోండి. విట్, ప్రోజ్, పెర్ఫార్మెన్స్ ఉంటే మెరిసిందనుకోండి. రివ్యూ దగ్గర మాత్రం పూర్తి పేరా చదవక తప్పదు. సొంతంగా రాసేటప్పుడు విమర్శకు ఎక్స్‌కోరియేటింగ్ గానీ స్కేదింగ్ గానీ వాడితే గొడవ ఉండదు. కొత్త అర్థాన్ని కొన్ని నిఘంటువులు ఎక్కించుకున్నాయి కాబట్టి దాన్ని తప్పని కొట్టేయలేం. కానీ ఒక రచయితకు మీరు కొరస్కేటింగ్ రివ్యూ రాశామని చెబితే, ఆయన మీకు కృతజ్ఞత చెప్పాలో ముఖం తిప్పుకోవాలో తెలియక నిలబడతాడు.